దానిమ్మ కొమ్మలకు నేను పెట్టిన విందు

2023 వానాకాలం. అనకాపల్లి బైపాస్ పక్కన నా నర్సరీ ఐదు సెంట్లు. నా మాటల్లో మాత్రం అమెజాన్ అడవి కంటే రెండెకరాలు ఎక్కువ.

సబ్బవరం నుంచి సత్యవతమ్మగారు తడిగుడ్డలో చుట్టి ఆరు దానిమ్మ కొమ్మలు తెచ్చారు. చనిపోయిన భర్త నాటిన చెట్టువి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రెండు నెలల్లో చెట్టు కొట్టేస్తారట.

“ఇసకలో గుచ్చితే సాలదేటి బాబూ?”

“ఇసకలో ఏటుందమ్మా తినడానికి? మనది బెల్లం ఊరు. మీ కొమ్మలకి పెళ్లిభోజనం పెడతాను సూడండి!”

కొమ్మను వేళ్ల కోసం గుచ్చేదాన్ని మేం ‘మీడియం’ అంటాం. వేరు లేని కొమ్మ తిండి తినదు. దానికి కావలసింది గాలి, కాస్త తేమ. అది తెలిసీ గొప్పకు పోయాను. చెరకు రసం వడగట్టాక ఫ్యాక్టరీలో మిగిలే నల్లమడ్డి, ‘ప్రెస్‌మడ్’, సగమే మాగినది కవర్లలో నింపాను. పైన బెల్లం నీళ్లు. ఆ మీడియం మహిమ మీద ఆవిడకు అరగంట ఉపన్యాసం.

పన్నెండో రోజుకు జిల్లాలోని చీమలన్నీ నా నర్సరీకే వచ్చాయి. వేలు పెడితే మడ్డి టీ గ్లాసంత వేడి. ఆరు కొమ్మలూ అడుగున కుళ్లిపోయాయి.

ఆ సాయంత్రమే ఆవిడ ఫోన్. “ఎలాగున్నాయి బాబూ?”

“చిగురేసేయమ్మా!” అన్నాను.

నెలన్నర తర్వాత ఆవిడ వచ్చినప్పుడు, గోదావరి వైపు నుంచి లారీలో దిగిన దానిమ్మ మొక్కను పాత కవరులోకి మార్చి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లకద్దుకున్నారు. నేను వద్దనలేదు.

వారానికి ఆ మొక్కతోనే తిరిగొచ్చారు. నాటుదామని కవరు చింపారట.

“నల్లమడ్డిలో పెట్టేనని అంత సెప్పేవు కదా బాబూ. ఇదంతా ఎర్ర బంకమట్టేటి?”

నా దగ్గర ఎప్పుడూ లారీడు మాటలుంటాయి. ఆ పూట మాత్రం రాలిన ఎర్రమట్టిని కాలితో పక్కకు తోశాను.

“సచ్చిపోయేయని ఆ రోజే సెప్పుంటే ఇంకో ఆరు కొమ్మలు కోసి తెచ్చేదాన్ని. సోమారం సెట్టు కొట్టేసేరు.”

గొంతు పెంచలేదు. మొక్కను బల్ల మీద పెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయారు.

ఇప్పుడు ఎవరి కొమ్మలైనా కడిగిన ఏటి ఇసుకలోనే గుచ్చుతున్నాను. కానీ నేను నేర్చుకున్నది అది కాదు, అది ముందే తెలుసు. కొమ్మ చస్తే ఆ పూటే ఫోన్ చేసి, చచ్చిపోయిందని చెబుతున్నాను. వాళ్ల చెట్టు ఇంకా నిలబడి ఉండగానే.