గోమేదికం పేరు

నెయ్యి కాచిన ప్రతిసారీ శేషమ్మగారు గుర్తుకొస్తారు. ఈ ఉదయం కూడా, ఆవు నెయ్యి కరిగి తేనె రంగుకు తిరగగానే పొయ్యి ఆపి అలాగే నిలబడిపోయాను. తిరుపతిలో ఆమెది రత్నాల అంగడి. డెబ్బైల చివర చదువు ముగించి నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. రాహుదోషమని గోమేదికం కోసం కాళహస్తి నుంచి నేరుగా వచ్చేవాళ్లు. ఆమె రాయిని తెల్ల కాగితం మీద పెట్టి, అడగకపోయినా దాని పేరు సంగతి చెప్పేవారు.

"గో అంటే ఆవు, మేదస్సు అంటే కొవ్వు. ఆ రంగు సూసి పెట్టిన పేరు. సిలోన్‌లో ఏటి గులకరాళ్లలో దొరుకుతాది. మహిమ ఉండాదని పేరులో లేదు, నేనూ సెప్పను."

అమ్ముకునే మనిషి అనాల్సిన మాటలేనా ఇవి అని నాకు చిరాకేసేది.

ఆ ఏడే నగరిలో మగ్గం నేసే మా నాయనకు దగ్గు పట్టుకుంది. గుడ్డలో నెత్తురు కనబడినా ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు. ఎవరో జ్యోతిష్కుడు రాహువు పని అన్నాడట, గోమేదికం ఉంటే చాలని మా అంగడికే వచ్చాడు. మా వైపు రాయిని వెంటనే ఉంగరంలో పొదిగించుకోరు. గుడ్డలో కుట్టి కొన్నాళ్లు జబ్బకు కట్టుకుని, ఒంటికి పడితేనే కొంటారు. శేషమ్మగారు నాయనను కాసేపు చూశారు. లోపలికి వెళ్లి, ఎర్రగుడ్డలో మూట కుట్టి తెచ్చి తానే కట్టారు.

"విప్పొద్దప్పా. మళ్లీ నా దగ్గరికే రా."

కొద్ది రోజులకే దగ్గు ముదిరి వచ్చాడు. ఆమె మూటను తడిమి తల అడ్డంగా ఊపారు.

"ఇది నీకు పడలా. ముందు వేలూరు పెద్దాసుపత్రికి పో, మందులు తిను. ఒళ్లు కుదురుకున్నాక రాయి సంగతి సూస్తాం."

నా మాట, అమ్మ ఏడుపు వినని మనిషి ఆ ఒక్క మాటకు బెదిరిపోయి మర్నాడే బస్సెక్కాడు.

చాన్నాళ్లు మందులు మింగి, తేరుకుని మళ్లీ అంగడికి వచ్చాడు. ఆసుపత్రిలో విప్పించిన మూటను బల్ల మీద దులిపితే చింతగింజ రాలింది.

"ఇదేందమ్మా? నన్ను మోసం సేస్తివే!"

"రాయి మీద నా నోట అబద్ధం రాదప్పా. సింతగింజ మీదైతే ఎన్నైనా సెప్తా."

నాయన నవ్వబోయి ఏడ్చేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మగ్గం మీద కూర్చున్నాడు, రాయి ఊసు మాత్రం ఎత్తలేదు.

శేషమ్మగారు ఇప్పుడు లేరు. నాకూ ఒక చిన్న అంగడి ఉంది. గోమేదికం అడిగినవాళ్లకు దాని పేరు చెబుతాను, పుట్టిన చోటు చెబుతాను, అక్కడితో ఆగుతాను. దగ్గుతూ వచ్చి రాయి అడిగేవాళ్లుంటే మాత్రం లేచి లోపలికి వెళతాను. చింతగింజల డబ్బా అక్కడే ఉంటుంది.