అక్క పేరుకెదురుగా మూడు ఖాళీ గళ్లు

నా పింఛను కాగితంలో "ఎడతెగని సేవ" అని ఒక మాట ఉంది. అది కంటబడినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఎడతెగనిదట! అది ఎవరి పుణ్యాన తెగలేదో రాసిన గుమస్తాకేం తెలుసు?

మాది డోర్నకల్. నర్సు పని నేర్చుకుని మానుకోట తాలూకాలో ఒక చిన్న సర్కారు దవాఖానలో చేరినప్పుడు నాకు ఇరవై ఏళ్లు, అవి రజాకార్ల రోజులు. డాక్టరు వారానికొకసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో కాన్పులూ కుట్లూ జ్వరాలూ అన్నీ మా ఇద్దరి నెత్తినే. రెండోమనిషి నాకంటే పదేళ్లు పెద్ద. జఫర్‌గఢ్ ఆమె. భర్త పోతే పసిబిడ్డను అత్తగారింట్లో వదిలి కొలువుకొచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని.

మా కొలువులో ఎంత బాగా పని చేశావని ఎవరూ అడగరు, ఎన్నేళ్లు చేశావనే అడుగుతారు. కింది దర్జా, నడిమి దర్జా, పై దర్జా. ఒక్కో దర్జాలో మూడేళ్లు తెగకుండా చేస్తే పై మెట్టు, దానితో పాటు తన్ఖా పెరుగుతుంది. ఆ "తెగకుండా" దగ్గరే ఉంది తిరకాసంతా. సెలవు చీటీ లేకుండా మూడు రోజులు హాజరు పుస్తకంలో సంతకం కనబడకపోతే కొలువు తెగినట్టే. చేసిన ఏళ్లన్నీ గంగలో కలుస్తాయి, మళ్లీ కింది దర్జా నుంచి మొదలు.

కాన్పు చెప్పి రాదు కదా. పిలుపొస్తే ఏ ఊరికైనా పోవాలి, నొప్పులు రెండు రోజులు సాగితే అక్కడే ఉండాలి. అందుకని మాకు ఒక రివాజు ఉండేది. ఒకరు కాన్పుకు పోతే దవాఖానలో ఉన్నవాళ్లు ఇద్దరి సంతకాలూ పెట్టాలి. అక్క నాకు మొదటి వారంలోనే నేర్పింది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అక్క పై దర్జాకు నాలుగు నెలల దూరంలో ఉంది. దవాఖాన వెనక రెండు గదుల క్వార్టరు పై దర్జా నర్సమ్మకే ఇస్తారు. అప్పటిదాకా అర్హత ఉన్నవాళ్లు లేక దానికి తాళం. కూతురికి ఏడేళ్లొచ్చాయి. క్వార్టరు రాగానే పిల్లను తెచ్చుకుని బడిలో వెయ్యాలని అక్క పలక కూడా కొని పెట్టుకుంది. కిటికీలోంచి ఆ రెండో గదిని చూపించి "గిది నా బిడ్డ గది" అనేది.

ఒక పొద్దున నేను కత్తెర ఉడకబెట్టకుండా బొడ్డు కోయబోయాను. అక్క నా చెయ్యి పట్టి ఆపి, నలుగురి ముందూ కడిగేసింది.

"పసిపానంతోని ఆటలాడుతున్నవా? నీకు నేర్పినోళ్లననాలె!"

తప్పు నాదే. అయినా తల కొట్టేసినట్టయింది. ఆ కోపం దిగకముందే తండా నుంచి ఒకతను రొప్పుతూ వచ్చాడు. పెళ్లానికి బిడ్డ అడ్డం తిరిగిందట. అప్పట్లో సంఘపోళ్లకు, అంటే అడవుల్లో ఉన్న కమ్యూనిస్టులకు, మందులు చేరుతున్నాయని, క్యాంపు పోలీసులను అడగకుండా తండాలకు పోవద్దని మాకు హుకుం. అక్క ఆగలేదు.

"అడిగేసరికి తల్లీ పిల్లా ఇద్దరూ పోతరు. జర పుస్తకం సూస్కో" అని సంచీ సంకకేసుకుని పోయింది.

నేను పుస్తకం తెరిచాను. నా సంతకం పెట్టుకున్నాను. అక్క గడి దగ్గర కలం ఆగింది. పోలీసులకు తెలిస్తే నేనెక్కడ ఇరుక్కుంటానో అని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే. కానీ నలుగురిలో నన్నన్నది కదా, ఒక్కరోజు భయపడనీ అన్న కుళ్లు అంతకంటే ఎక్కువ. ఛీ, నా బుద్ధి! సాయంత్రానికల్లా వస్తుంది, అప్పుడు తనే పెట్టుకుంటుందనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పోలీసులు తండాను చుట్టుముట్టారు. లోపలివాళ్లను మూడు రోజులు బయటికి రానివ్వలేదు. రెండోరోజూ మూడోరోజూ కలం పట్టుకుని కూర్చున్నాను. నిన్నటి గడి ఇవాళ నింపినా, అది ఖాళీగా పెట్టి ఇవాళ్టిది నింపినా దొరికిపోతానని అవీ వదిలేశాను. నాలుగోరోజు పొద్దున్నే తనిఖీకి పై అధికారి వచ్చాడు.

"ఈమె ఎక్కడ?"

"నాకు తెల్వదు సార్" అన్నాను.

ఆయన మూడు గళ్లలోనూ ఎర్రసిరాతో గైరుహాజరు రాశాడు. మధ్యాహ్నం అక్క వచ్చింది. తల్లీ పిల్లా బతికారట, ముఖం వెలిగిపోతోంది. పుస్తకం తెరిచి ఆ మూడు గళ్లనూ వేలితో తడిమింది.

"మర్చిపోయినవా?"

"మర్చిపోయిన అక్కా."

"పోనీ తియ్" అంది. అంతే.

అడగకుండా తండాకు పోయానని పైవాళ్లకు చెప్పుకునే వీల్లేదు, కొలువు తెగింది. కింది దర్జా నుంచి మళ్లీ మొదలుపెట్టింది. కూతురికి పదమూడో ఏట అక్క అత్తగారివాళ్లే పెళ్లి చేసేశారు. పై దర్జా నాకు ముందొచ్చింది, క్వార్టరూ నాకే వచ్చింది. ఆ రెండో గదిలో నేను కోళ్లను గంప కింద కమ్మేదాన్ని. తర్వాత అక్కను కాటారం బదిలీ చేశారు.

కొలువు దిగేనాడు పింఛను కోసం పాత హాజరు పుస్తకాలు తీశారు. అక్క కొలువు తెగిన మరుసటి ఏడు మా అమ్మ పోయింది, ఆ నెల తిరగేశాను. కబురు అందగానే చీటీ కూడా రాయకుండా డోర్నకల్ రైలెక్కి, పదకొండు రోజులు ఉండిపోయాను. తిరిగొచ్చినప్పుడు అక్క "హాజరు సంగతి పరేషాన్ కాకు, సూసుకున్న" అంటే సెలవు చీటీ పంపిందనుకున్నాను. చీటీ లేదు, పదకొండు సంతకాలున్నాయి. నా సంతకం చివరి గీత పైకి పోతుంది. వాటిలో కిందికి దిగింది.

మర్నాడే జఫర్‌గఢ్ పోయాను. అక్క కూతురింట్లో ఉంది. కూతురు మంచినీళ్లిచ్చి, ఎవరో పంపిన పెళ్లి కార్డు తెచ్చి "జర సదివి చెప్పు చిన్నమ్మా, నాకు సదువు రాదు" అంది. చదివి చెప్పాను.

ఆమె లోపలికి పోయాక అన్నాను. "అక్కా, ఆ పొద్దు నేను మర్చిపోలేదు."

"ఎరికే. మర్చిపోతే నీ సంతకం గూడ ఉండకపోవు గదా."

"మరి మా అమ్మ పోయినప్పుడు నా సంతకం ఎందుకు పెట్టినవ్?"

అక్క నావైపు వింతగా చూసింది.

"నువ్వు లేవు గదనే. మన రివాజు గదేనాయె" అంది.