ముందరి డబ్బా

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పైకి అది రెండు ఎలుకల సంగతే. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక మనిషి ముఖంలోకి చూసే ధైర్యం లేదు.

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మాది చిన్న ఫ్లాటు. జనం సరదాకి కొని, విసుగు పుట్టాక వదిలేసే పెంపుడు ఎలుకలను తెచ్చుకుని, జబ్బు నయం చేయించి, మంచి ఇల్లు దొరికేదాకా సాకేదాన్ని. ఆ పని చేసేవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నాకు మంచి పేరు. ఆ పేరంటే నాకెంత మోజో ముందే ఒప్పుకోవాలి.

అప్పుడు నా దగ్గర రెండు తెల్ల ఎలుకలుండేవి, అక్కాచెల్లెళ్లు. ఎవరో చెప్పుల డబ్బాలో పెట్టి చెత్తకుండీ పక్కన వదిలేశారు. రెండింటికీ రొప్పు. డాక్టరు ఇచ్చిన పొడి రోజూ అన్నంలో కలిపి పెట్టాలి. మా ఇంట్లో పనిచేసే ఎస్తేరక్క మొదట్లో వాటిని చూసి "ఛీ" అనేది. నెల తిరక్కుండానే పచ్చి బఠానీలు ఒలిచి ఒక్కొక్కటే అందించసాగింది. ఆమెదీ తెలుగిల్లే, వాటితో తెలుగులోనే మాట్లాడేది. నన్ను మాత్రం తమిళంలో ముద్దుగా 'కన్ను' అని పిలిచేది. వాడిపట్టిలో ఒక టీచరమ్మ ఆ రెండింటినీ పెంచుకుంటానంది, పంజరం కూడా కొని పెట్టుకుంది.

ఇక అసలు సంగతి. మా వంటింట్లోకి వీధి ఎలుకలు వచ్చేవి. వాటికి విషం పెట్టేదాన్ని. నేనే! పెంపుడు ఎలుక తుమ్మితే కన్నీళ్లు పెట్టుకునే నేను. ప్యాకెట్ మీద చచ్చిన ఎలుక బొమ్మ ఉంటుంది. గ్రూపువాళ్లెవరైనా చూస్తారేమోనని ఆ పొడిని ఒక స్టీలు డబ్బాలో పోశాను. డాక్టరిచ్చిన పొడి కూడా అలాంటి డబ్బాలోనే, అదే అరలో. మదురైలో పెళ్లికి బయల్దేరే ముందు వంటింటి మూలల్లో విషం పెట్టి, ఆ డబ్బాను రోజూ డాక్టరు పొడి ఉండే చోట, అర ముందువైపే వదిలేసి, ఎలుకలను ఎస్తేరక్కకు అప్పజెప్పి వెళ్లిపోయాను.

పెళ్లి మేళాల మధ్య ఎస్తేరక్క ఫోను చేసింది.

"ఎలికల మందు ఏది కన్ను? రెండు డబ్బాలుండాయే."

"ముందర ఉండేదక్కా. అన్నంలో కలిపి పెట్టు."

"రెండూ ఒగటేనా?"

"ఇక్కడేమీ వినిపించట్లేదక్కా! ముందరిదే పెట్టేసెయ్యి."

మా ఇళ్లలో నయం చేసేదీ మందే, చంపేదీ మందే. ఆమె అడిగింది కదా? ఒకటికి రెండుసార్లు అడిగింది. ఒక్క నిమిషం మండపం బయటికొచ్చి మాట్లాడితే నా సొమ్మేం పోయేది?

నేను తిరిగొచ్చేసరికి ఆమె ఆ రెండింటినీ పాత చీర ముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నువ్వు చెప్పిందే పెడితిని కన్ను," అంది. 

సాయంత్రం గ్రూపు నడిపే ఆవిడ వచ్చి, మిగిలిన అన్నంలో పొడి చూసి, ఈ ఇంట్లోకి విషం ఎలా వచ్చిందని అడిగింది. ఎస్తేరక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "ఈమె వాళ్లింటి నుంచి తెచ్చి పెట్టింది," అన్నాను. ఆమె నా వైపు చూసింది. కాదంటుందనుకున్నాను. అనలేదు. ఎందుకు అనలేదు? నన్ను కాపాడాలనుకుందా, చెప్పినా తన మాట ఎవరూ నమ్మరని తెలిసి ఊరుకుందా? అడిగే మొహం నాకు లేదు.

కొద్ది రోజుల్లోనే మా అపార్ట్‌మెంటులో ఆమె పనిచేసే ఇళ్లవాళ్లంతా ఆమెను మానిపించేశారు. విషం పెట్టే మనిషి అన్నారు. పసిపిల్లలున్నవాళ్లయితే మెట్ల మీద కనబడినా తలుపేసుకున్నారు. నేను నోరు మెదపలేదు. గ్రూపు నాకు ఓదార్పులు పంపింది, ఆ తర్వాత మరికొన్ని ఎలుకలనూ పంపింది. తీసుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎదురుపడింది. "ఎలికలు బాగుండాయా కన్ను?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. తలూపి వచ్చేశాను.

విషం నాది. డబ్బాను అరలో ముందు పెట్టింది నేను. అబద్ధమూ నాదే. ఈ మూడు ముక్కలు రాసేసరికి గుండెల మీది బరువు కాస్త జరిగింది.

కానీ తెలుగులో రాశాను. ఈ అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఎస్తేరక్క తమిళ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుందే గానీ చదవలేదు. ఆమె చదవలేని భాష చూసుకుని మరీ ఒప్పుకున్నాను. అదీ ఒప్పుకుంటున్నాను.