పేపర్ వెనక ఎవరు?

సికింద్రాబాద్ బోయిగూడలోని ఓ చిన్న గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. జనాన్ని రప్పించాలని ఇన్‌స్టాగ్రామ్‌లో ‘పేపర్ వెనక ఎవరు?’ అనే ఆట మొదలుపెట్టాను. ముఖానికి పేపర్ అడ్డం పెట్టుకున్న పాఠకుడి ఫొటో పెడతాను. చూసినవాళ్లు లైబ్రరీకి వచ్చి ఆ మనిషెవరో చెప్పాలి.

మొదటి ఫొటోకు రోజూ వచ్చే యాదగిరిగారు ఒప్పుకున్నారు. “ముఖం మాత్రం కానరావొద్దు మేడం” అని మరీమరీ చెప్పారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఉదయం ఒకావిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. “గీ ఫొటోల ఉన్నది మా ఆయననే. కుర్చీకి తగిలేసిన వైరు బుట్ట నేనల్లిందే” అంది. హాల్లో ఒక పేపర్ వణికింది. ఆవిడ తిన్నగా వెళ్లి దాన్ని కిందికి దించింది.

“ఏందయ్యా, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ల రష్షున్నదని రోజూ లేటుగొస్తివి. గిదేనా నీ మార్కెట్?”

ఉన్న పాఠకుణ్ని కూడా పోగొట్టుకున్నాననుకున్నాను. ఆయన మాత్రం మెల్లగా పక్క కుర్చీ జరిపి, “జెర కూసో, ఫ్యాను కింద సల్లగుంటది” అన్నారు. ఆవిడ కాసేపు గుర్రుగా చూసి, ఓ వారపత్రిక తీసుకుని కూర్చుంది.

ఫొటో చూసి ఎవరైనా వస్తారా అని నాకు అనుమానంగా ఉండేది. ఇప్పుడు రోజూ పక్కపక్కనే రెండు పేపర్లు లేస్తున్నాయి. కూరగాయలు ఎవరు తెస్తున్నారో మాత్రం ఇంతవరకూ అడిగే ధైర్యం చేయలేదు.