ఫిర్యాదు కింద నాంచారి పేరు

పదిహేడేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎవరేమన్నా నాకు మరుపు రాదు. విజయవాడలో ఇంటర్ చదివినప్పుడు కెమిస్ట్రీ సారు అన్నవన్నీ ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. మాది బందరు దగ్గర చేపలు పట్టే కుటుంబం. నేనూ, మా పక్క వీధి నాంచారీ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే, "కిటికీలు తీయండమ్మా, చేపల మార్కెట్టు వచ్చింది" అనేవారు. నవ్వుతూనే. క్లాసంతా నవ్వేది. నవ్వుతూ అన్నదాన్ని తిట్టు అని ఎవరితో చెప్పుకోవాలి? మార్కులు బాగా వస్తే, "మీవాళ్లలోనూ చదివేవాళ్లున్నారే!" అని మెచ్చుకునేవారు. అది మరీ మండేది.

ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాశాను. పేజీన్నర. ప్రతి మాటా, అన్న తారీఖుతో సహా. సంతకం దగ్గర చెయ్యి ఆగింది. పేరు లేని కాగితాలు చించేస్తారని తెలుసు. ప్రాక్టికల్స్ మార్కులు సారు చేతిలో ఉన్నాయనీ తెలుసు.

నాంచారి పేరు రాశాను.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి, సారు ఎదుటే క్షమాపణ రాయించుకున్నారు. బయటికొచ్చి నన్ను వరండాలో ఆపింది.

"ఎవరో నా పేరెట్టి రాశారే. అదేం నిజం కాదని రాసిచ్చి వచ్చా. నీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుసు? అయినా రాసింది నిజమేగా. కాదని ఎందుకన్నావ్?"

"నిజమేలే. ఆ రాసినోళ్లు వచ్చి నా పక్కన నిలబడితే, నేనూ కాదనేదాన్ని కాదు."

రికార్డు బుక్కు పేజీలు తిప్పుతూ ఉండిపోయాను.

ఆ తర్వాత కిటికీల మాట ఆగిపోయింది. అంటే నా ఫిర్యాదు పనిచేసింది, నాకు. నాంచారి ఏదైనా డౌటు అడిగితే మాత్రం, "నీకు చెప్పేదేముంది తల్లీ, మళ్లీ కాగితం రాస్తావ్" అనేవారు. రెండు నెలలకు ల్యాబ్ మానేసింది. తర్వాత కాలేజీయే మానేసింది.

ఇప్పుడు ఫిర్యాదులన్నీ నా పేరుతోనే రాస్తాను. మా అమ్మాయి స్కూలుకే నాలుగు రాశాను. ధైర్యవంతురాలినంటారు. ధైర్యమా అది? సారు మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. కానీ ఆయనవల్లే నాంచారి చదువు ఆగిందని చెప్పుకున్న ప్రతిసారీ, ఆయన తప్పు చాటున నేను దాక్కుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

నాంచారి ఫోన్ నంబరు నా దగ్గరుంది. చేయలేదు. చేస్తానని మాటివ్వను. ఆమె క్షమించాలనీ అడగను, ఆ హక్కు నాకెక్కడిది?

ఆ కాగితం నాంచారి రాయలేదు. నేను రాశాను. ఈ రెండు ముక్కలు బయటపెట్టాక, ఊపిరి కాస్త ఆడుతోంది.