లేచిన మూల మీద ఇటుక

మా ఆయన టైల్స్ మేస్త్రీ. గది కొలతలు ఆయన ఫోన్‌లో చెబుతాడు, లెక్క నేను వేస్తాను. ఏ గదికి ఎన్ని టైల్స్ పడతాయి, కోసిన ముక్కలు ఎక్కడ కనపడకుండా పోతాయి, తలుపు వెనకా మంచం కిందా ఏవి సర్దాలి, అంతా నాదే. నేను చదివింది ఏడో తరగతి. మిగతాది తప్పులు చేసి నేర్చుకున్నాను. ఒక్క టైల్ తక్కువ పడితే మళ్ళీ తెచ్చినది రంగు కలవదు, ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఒక్కదాన్నే చూస్తారు. అందుకే నేను ఏ లెక్కనైనా రెండుసార్లు వేస్తాను. నా మనవడి విషయంలో ఒక్కసారే వేశాను.

మట్టెవాడలో మాది రెండు గదుల ఇల్లు. నా బిడ్డ బట్టల షాపులో చేస్తుంది. అల్లుడు లారీ తోలుతాడు, నెలలో ఎక్కువ రోజులు దారిలోనే ఉంటాడు. పగలంతా పిల్లవాడు నా దగ్గరే.

వాడు తొలి అడుగులు వేసినప్పుడు అందరిలాగే అరిసెలు చేశాం. తెల్ల బట్ట పరిచి, మెత్తటి అరిసెలు వరసగా పేర్చి, వాణ్ణి రెండు చేతులూ పట్టుకుని వాటి మీద నడిపించాం. ఏ పిల్లల అడుగైనా అరిసెలో మడమ దాకా దిగుతుంది. వీడివి వేళ్ళ గుర్తులే పడ్డాయి. మడమ ఉండాల్సిన చోట అరిసె మీద అద్దిన నువ్వులు అద్దినట్టే ఉన్నాయి.

"పిలగాడు హుషారున్నడు, అరిసెలు ఖరాబ్ గావొద్దని పైపైన నడుస్తాండు," అంది పక్కింటామె. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ అరిసెలు పంచి, ఒకటి నేనూ తిన్నాను.

మూడో ఏడు వచ్చినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పడు. బిడ్డ వాణ్ణి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్లు చూసి, ఆడించి చూసి, ఆటిజం అన్నారు. ఆ మాట నాకు కొత్త. బిడ్డ ఫోన్‌లో చదివి నాకు అర్థమయ్యేలా చెప్పింది. నేను విని, లోపల రెండు వాటాలు వేసుకున్నాను. మాట రాకపోవడం డాక్టర్ల వాటా. నడక నా వాటా.

ఎందుకంటే ఆ నడకను రోజంతా చూసేది నేనే. మునికాళ్ళ మీద, చేతులు ఛాతీ దగ్గరికి ముడుచుకుని, టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉన్న గీత పట్టుకుని పోతాడు. గోడ రాగానే తిరిగి అదే గీత మీద వస్తాడు. మామూలు పిల్లల అడుగులు కాస్త నడక కుదిరాక ఒకదాని తర్వాత ఒకటి సమానంగా పడతాయి. వీడికి ఒక టైల్‌లో మూడు పడితే పక్క టైల్‌లో ఐదు పడేవి. గీత మీద ఎవరైనా నిలబడితే పక్కనుంచి పోడు. కాజీపేట బయట సిగ్నల్ కోసం ఆగిన గూడ్సు బండిలా, దారి ఇచ్చేదాకా అక్కడే నిలబడతాడు.

"వచ్చే సోమవారం హన్మకొండల ఫిజియో మేడమ్ దగ్గరికి పోదామమ్మా. కాళ్ళు గూడ చూస్తరట," అంది బిడ్డ ఒకనాడు.

"మాట రాకపోతె కాళ్ళేం జేసినయ్ బిడ్డా?"

"రెండు ఒక్క తలకాయల నుంచే గదనే వచ్చుడు. నువ్వు టైల్స్ లెక్క దేనికదే కోస్తవ్."

కోసి చూసుకోవడమే నాకు తెలిసిన పని.

ఆ మర్నాడే మా ఆయనకు అన్నం తీసుకుని పనిచోటికి వెళ్ళాను. అప్పుడే వేసిన నేల. ఒక టైల్ మూల కొంచెం లేచింది. ఆయన రసమట్టం పెట్టి చూసి, ఆ మూల మీద ఒక ఇటుక పెట్టి అన్నానికి లేచాడు. మేం తింటూ ఉండగానే మూల దిగింది. నేను ఈ పని ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు మాత్రం ముద్ద చేతిలో ఉండగానే పిల్లవాడి మడమలు గుర్తొచ్చాయి.

ఇంటికి పోతూ పోతూ మాకు తెలిసిన అవుసలాయన వెండి దుకాణంలో ఆగాను. మా వైపు చంటి మగపిల్లలకు కూడా కాళ్ళకు వెండి కడియాలు వేస్తారు, అందులో వింత లేదు. నేను అడిగిన బరువే వింత.

"గింత బరువు పిలగానికా అక్కా, ఎడ్లకా?" అన్నాడాయన.

"పనుండే అడుగుతాన్న. చెయ్యి తమ్మీ."

"కాలు ఒరుసుకుంటది."

"జర వదులుగ చెయ్. గంతే."

వాడి ఒంటి బరువెంత, కాలిదెంత, ఎంత బరువు పెడితే నడవగలడు, ఎంత పెడితే మడమ దిగుతుంది, అన్నీ ఆలోచించాను. జాగ్రత్తపరురాలిననే అనుకున్నాను.

కడియాలు తొడిగిన పూట వాడు ఏడ్చాడు. చిన్న ఏడుపు కాదు. కాళ్ళు నేలకేసి కొట్టుకున్నాడు, కడియాలు పళ్ళతో లాగబోయాడు. వెల్లకిలా పడుకుని అలసిపోయేదాకా ఏడ్చాడు. లేచాక నాలుగు అడుగులు వేశాడు. మడమలు నేలకు ఆనాయి.

నేను వెంటనే షాపుకి ఫోన్ చేశాను. "మడమలు ఆనినయ్ బిడ్డా."

"ఏం జేసినవే?"

"రా, నువ్వే చూద్దువు."

వచ్చి కడియాలూ మడమలూ చూసి నా బిడ్డ నేల మీదే కూర్చుండిపోయింది. వాడు నడుస్తుంటే ఫోన్‌లో వీడియో తీసింది. లారీలో ఉన్న మొగుడికి పంపింది. చాలా రోజుల తర్వాత దాని ముఖంలో ఆ వెలుగు చూశాను. కాసేపటికి మామూలుగా అడిగింది, "ఏడ్వలేదా?"

"లేదు," అన్నాను.

తర్వాతి రోజుల్లో ఇల్లు నెమ్మదిగా ఉంది. వంట చేసుకుంటుంటే వాడు కాళ్ళకు అడ్డం పడలేదు. తలుపు మూల కూర్చుని కడియాన్ని నేలకు రాస్తూ ఉండేవాడు. సర్దుకుంటున్నాడు అనుకున్నాను. లేచి నాలుగు అడుగులు వేస్తే ఆ నాలుగింటిలో మడమలు ఆనాయా లేదా అని చూశాను. గీత పట్టుకుని పోవడమే మానేశాడని, రోజంతా నడిచే పిల్లవాడు రోజంతా కూర్చుంటున్నాడని నా లెక్కలోకి రాలేదు.

సోమవారం హన్మకొండ వెళ్ళాం. ఫిజియో మేడమ్ నా బిడ్డ కంటే చిన్నది. చాప పరిచి, బంతులు ముందు పెట్టి వాణ్ణి పిలిచింది. వాడు లేవలేదు.

"ఇంట్లో ఎట్ల నడుస్తాడు?"

నా బిడ్డ గర్వంగా వీడియో చూపించింది. ఆమె చూసింది, మళ్ళీ ఒకసారి చూసింది. వాడి ప్యాంటు అంచులు పైకి మడిచింది. కడియాల కింద చీలమండల చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఒకచోట తడిగా ఉంది. స్నానం చేయించేది నేనే. ఎరుపు చూశాను, కొబ్బరినూనె రాశాను. కొత్త వెండి కదా, అలవాటు పడుతుంది అనుకున్నాను.

"ఇవి ఎప్పటి సంది?"

బిడ్డ నా వైపు చూసింది. నేను ఇటుక సంగతి చెప్పాను. చెబుతుంటే నా చెవులకే అది ఎలా ఉందో తెలిసింది.

ఆమె కోప్పడలేదు. కడియాలు తీసి బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగే చెప్పింది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు ఇలా మునికాళ్ళ మీద నడుస్తారట. కొందరికి అడుగు ఒక తీరుగా పడదు. కొందరికి నేల తగలడమే మనకు తగిలినట్టు తగలదు. అందరికీ ఒకటే కారణం అని చెప్పలేం. పిక్కలు బిగుసుకుపోకుండా చూసుకోవాలి, మిగతాది మెల్లగా. "బరువులు మాత్రం మీ అంతట మీరు పెట్టకండమ్మా. ఆ నడక వాడు కావాలని చేసే తప్పు కాదు."

"ఏడ్వలేదన్నవ్ గదమ్మా," అంది నా బిడ్డ.

"ఏడ్సిండు."

ఆటోలో నా బిడ్డ వాణ్ణి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది. వాడు కాళ్ళు రెండూ ముడిచి తల్లి కొంగు కింద, నాకు అందని వైపు పెట్టుకున్నాడు.

సాయంత్రం మా ఆయన అంతా విన్నాడు. "ఇటుక పెట్టినంక నేనేం జేస్త, నీకెర్క లేదా?" అన్నాడు.

ఎరుకే. మూల దిగాక వేలితో కొట్టి చూస్తాడు. కింద సిమెంటు మాలు సరిగ్గా లేకపోతే డొల్ల మోత వస్తుంది. పైకి చదునుగా కనిపించినా దాన్ని లేపి మళ్ళీ వేయాల్సిందే. నేను ఆ మోత వినకుండానే లేచి వచ్చాను.

ఇంట్లో చేయాల్సిన పని మేడమ్ ఆ రోజే చూపించింది. మడమ అరచేతిలో పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి వంచి కాసేపు ఉంచాలి. పొద్దున, రాత్రి తల్లి చేస్తుంది. మధ్యాహ్నం నేను చేయాలి. నేను దగ్గర కూర్చోగానే వాడు కాళ్ళు కిందికి మడిచేసుకునేవాడు. చేయి చాపితే తలుపు మూలకు పోయేవాడు. చీలమండల మీద ఎరుపు తగ్గి, తర్వాత పొట్టులేచి, మామూలైంది. వాడి కాళ్ళు మాత్రం నా చేతికి రాలేదు.

"నాతోని అయితలేదు బిడ్డా. నన్ను జూస్తెనే కాళ్ళు దాస్తాండు."

"మరి ఎవల్జేస్తరు? నేను షాపు బంజేస్తె ఇల్లెట్ల నడుస్తది? మేడమ్ జబర్దస్తి చెయ్యొద్దన్నది. వాడే రావాలె. వచ్చేదాక కూసో."

అంత మాట అనే హక్కు దానికి ఉంది. నేను కూర్చున్నాను. కూర్చునీ కూర్చునీ, ఒకరోజు వాడు మళ్ళీ గీత పట్టుకుని నడవడం చూశాను. ప్రాణం లేచి వచ్చింది. పట్టుకోబోలేదు. పక్క గీత మీద నేనూ నడిచాను, వాడిలాగే మునికాళ్ళ మీద. గోడ దాకా పోకముందే పిక్కలు పట్టేశాయి. అలా కొన్నాళ్ళు, వాడిది వాడి గీత, నాది నా గీత.

ఒక మధ్యాహ్నం తిరిగి వస్తూ నొప్పికి ఓర్చుకోలేక ఆగిపోయాను. చూసుకుంటే వాడి గీత మీద నిలబడి ఉన్నాను. వాడు వచ్చి నా ముందు ఆగాడు. జరుగుదామనుకున్నాను గానీ కాలు కదల్లేదు. వాడు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పక్కకు పోలేదు, వెనక్కీ పోలేదు. దారి నా మీదుగానే ఉన్నట్టు నా పాదాల మీదికి ఎక్కాడు. ముందు వేళ్ళు. నా చీర కుచ్చిళ్ళు గుప్పెట్లో పట్టుకున్నాడు. నేను కిందికి చూడలేదు. మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాను, ఇంకొకటి వేశాను. వాడు దిగలేదు. గోడ వచ్చేలోపు ఎడమ పాదం మీద వెచ్చగా ఇంకొంచెం బరువు దిగినట్టనిపించింది. కుడి దాని మీద వేళ్ళే.

సాయంత్రం బిడ్డ వచ్చి చెప్పులు విడుస్తూ, రోజూ అడిగినట్టే అడిగింది. "ఏమన్న చేసినవా ఇయ్యాల?"

"నా కాళ్ళ మీదెక్కిండు. గోడ దాక నడిచినం."

"మడమ ఆనిందా?"

"ఒకటి ఆనినట్టనిపించింది. సూడలే."

"ఏడ్సిండా?"

"లేదు."

ఆ 'లేదు' నిజమే. అయినా అది చెప్పులు పక్కన పెట్టి, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ప్యాంటు అంచులు పైకి మడిచి రెండు చీలమండలూ తిప్పి తిప్పి చూసింది. వెలుతురు చాలడం లేదని నేనే ఫోన్ టార్చ్ వేసి పట్టుకున్నాను.