ఏమనలేదంటే ఒప్పుకున్నట్టే

కరీంనగర్‌ల మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల సీనియర్ అక్క ఒకామె ఉండేది. ఆదిలాబాద్ జిల్లా బోథ్ దిక్కు మనిషి. తప్పు కనపడితేనే నోరు తెరిచేది. పని మంచిగ చేస్తే ఒక్క మాట అనకపోతుండె. గామె సప్పుడు చెయ్యకుంట కూసుంటే ఏం తప్పు దొరుకుతదో అని నాకు ఫికరైతుండె.

పత్తిల తేమ చూసే మిషన్‌కు సీ భాషల రాసిన పాత కోడ్ ఉండె. మా తూకం ప్రోగ్రామేమో పైథాన్ భాషల ఉండె. రెండిటిని కలిపే పని నా మీద పడ్డది. తెల్లారితే ఆదిలాబాద్ మార్కెట్‌ల కొనుగోళ్లు మొదలు. తేమను బట్టే ధర. మిషన్ చెప్పిన అంకె మా తెర మీదికి రాకపోతే రైతులు బండ్లతోని ఎండల నిలబడాలె.

నల్ల తెర మీద, కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు మార్చే కంపైలర్ కమాండ్ కొట్టిన. తప్పులు బారెడు వచ్చినయి.

"పరేషాన్ గాకు. మొదటిది సరిచెయ్యి, కడమయి దానెంబడే పోతయి" అన్నది అక్క.

సరిచేసి మళ్ల కొట్టిన. ఈసారి ఒక్క ముక్క రాలే.

"అక్కా, ఇది ఏమంటలేదు!"

"ఏమనలేదంటే ఒప్పుకున్నట్టే. ఇగ పైథాన్‌ల నుంచి ఆ కోడ్‌ను పిలిచి సూడు."

పిలిచిన. మిషన్‌ల పెట్టిన పత్తి తేమ తెర మీద టక్కున వచ్చింది. నాకు పానం లేచొచ్చింది.

అక్క నా కుర్చీల కూసొని, నేను రాసిన కోడ్ మొత్తం పైనుంచి కిందిదాక చదివింది. నేను పక్కన నిలబడి ఆమె మొకమే చూస్తున్న. ఒక్క మాట అనలే. లేచి, బ్యాగు తగిలించుకొని బస్సుకు పోయింది.

గా రాత్రి నేను ఏ ఫికర్ లేకుంట పండుకున్న.